కంప్యూటరూ కామర్సూ కలిసిన డిగ్రీ: ఎవరి కోసం, ఎవరి చేతుల్లో?

విశ్వవిద్యాలయాలు కొత్త డిగ్రీలు తయారు చేస్తుంటే మహిళా సంఘాలకు అందులో పనేమిటని కొందరు మిత్రులు అడుగుతున్నారు. గృహహింస, కూలిరేట్లు, భూమి పట్టాలు మన సమస్యలు గానీ సిలబస్ అనేది అధ్యాపకుల వ్యవహారం కదా అని వాళ్ళ అభిప్రాయం. నేను అలా అనుకోవడం లేదు. ఒక ఆడపిల్ల మూడేళ్ళు ఏం చదువుతుందన్నది ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆమె ఏ కుర్చీలో కూర్చుంటుందో, ఎంత జీతం తీసుకుంటుందో, ఎవరి ముందు తలెత్తి మాట్లాడగలుగుతుందో నిర్ణయిస్తుంది. అందుకే ఈ సంచిక సంపాదకీయం ఒక డిగ్రీ గురించి.

ఆ డిగ్రీ మనకు కొత్తదేమీ కాదు. బి.కాం. కంప్యూటర్ అప్లికేషన్స్. వాడుకలో 'బీకాం కంప్యూటర్స్'. తెలుగు రాష్ట్రాల్లో ఏ చిన్న పట్నంలోని డిగ్రీ కళాశాలకు వెళ్ళినా ఆ సెక్షన్ కిక్కిరిసి వుంటుంది. బెంచీల్లో సగానికి సగం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువగా ఆడపిల్లలే కనిపిస్తారు. తెలంగాణలో 2016లో మొదలైన 'దోస్త్' ప్రవేశాల్లో చాలా ఏళ్ళుగా విద్యార్థులు ఎక్కువగా కోరుకుంటున్నది కామర్సునే. దీని వెనుక వున్న కారణాలు మనందరికీ తెలుసు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే కొడుకుని ఇంజనీరింగుకి నగరానికి పంపిస్తారు. కూతురుని సాయంత్రం బస్సుకి ఇంటికి చేరగలిగే కళాశాలలో వేస్తారు. కంప్యూటర్ అనే మాట వుంటే ఉద్యోగం వస్తుందన్న ఆశ, కామర్స్ అనే మాట వుంటే ఆడపిల్లకు భద్రమైన బల్ల పని దొరుకుతుందన్న ధైర్యం. ఆ రెండూ ఒకే డిగ్రీలో కలిసి వున్నాయి కాబట్టి దళిత, బహుజన కుటుంబాల నుంచి మొదటిసారి కళాశాల గడప తొక్కుతున్న అమ్మాయిలు వేలాదిగా ఇందులో చేరుతున్నారు.

ఇప్పుడు ఈ డిగ్రీలను తిరగరాస్తున్నారు. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి ప్రవేశపెట్టారు. 2024-25 నుంచి బి.బి.ఎ., బి.సి.ఎ. కోర్సుల్ని అఖిల భారత సాంకేతిక విద్యామండలి తన పరిధిలోకి తీసుకుంది. బిజినెస్ అనలిటిక్స్, డేటా అనలిటిక్స్, ఫిన్‌టెక్ అంటూ వాణిజ్యాన్నీ కంప్యూటర్నీ కలిపే కొత్త పేర్లు కళాశాలల గోడల మీద ఫ్లెక్సీలుగా వెలుస్తున్నాయి. పేరు మారినంత మాత్రాన చదువు మారదు. కానీ మార్చే అవకాశం వున్న సమయం ఇదే. ఈ సమయంలో మనం మౌనంగా వుంటే మన పిల్లల చదువుని మార్కెట్ ఒక్కటే రాస్తుంది.

కంప్యూటరూ వ్యాపారమూ కలిసిన చరిత్రలో స్త్రీల చేయి చాలా పెద్దది. బ్రిటన్‌లో టీ దుకాణాలు నడిపిన లయన్స్ కంపెనీ 1951లో 'లియో' అనే యంత్రాన్ని బేకరీ లెక్కలకు వాడింది. రోజువారీ వ్యాపారానికి కంప్యూటర్ని వాడటం అదే తొలిసారి. మరుసటి సంవత్సరం అక్కడ ప్రోగ్రాములు రాయడానికి చేరిన మేరీ కూంబ్స్‌ని తొలి మహిళా వాణిజ్య ప్రోగ్రామర్‌గా చెప్పుకుంటారు. అమెరికాలో గ్రేస్ హాపర్ వ్యాపార లెక్కలను మామూలు ఇంగ్లీషు మాటల్లో యంత్రానికి చెప్పగలిగే భాషను రూపొందించింది. 1959లో మొదలైన కోబాల్ భాషకు అదే పునాది. ఆ భాషను తీర్చిన బృందంలో జీన్ సామెట్ వుంది. బ్రిటన్‌లోనే స్టెఫనీ షర్లీ 1962లో ఒక సంస్థ పెట్టి, పిల్లలు పుట్టాక ఉద్యోగాలు వదులుకోవలసి వచ్చిన స్త్రీల చేత ఇళ్ళ నుంచే ప్రోగ్రాములు రాయించింది. ఆడపేరుతో ఉత్తరాలు రాస్తే జవాబులు రాకపోవడంతో 'స్టీవ్' అని సంతకం చేసింది.

అదే బ్రిటన్ చరిత్రలో మనం గుర్తుంచుకోవాల్సిన మరో పాఠం వుంది. అక్కడ ప్రభుత్వోద్యోగాల్లో 1955 నుంచి 1961 వరకు దశలవారీగా సమాన వేతనం అమలు చేశారు. కానీ మెషీన్ ఆపరేటర్ల గ్రేడులకు దాన్ని వర్తింపజేయలేదు. ఎందుకు? ఆ గ్రేడుల్లో దాదాపు అందరూ స్త్రీలే. పోల్చడానికి మగవాళ్ళ జీతం లేదు కాబట్టి సమానం చేయడానికి ఏమీ లేదన్నారు. అదే పనికి తర్వాత కాలంలో ప్రాధాన్యం పెరిగి అధికారం, జీతం వచ్చేసరికి ఆ కుర్చీల్లోకి మగవాళ్ళు వచ్చారు. అంటే స్త్రీలు యంత్రం ముందు కూర్చున్నారా లేదా అన్నది కాదు ప్రశ్న. 'ఆపరేటర్'గా కూర్చున్నారా, నిర్ణయించే మనిషిగా కూర్చున్నారా అన్నదే ప్రశ్న.

మన బీకాం కంప్యూటర్స్‌ని ఈ ప్రశ్నతోనే చూడాలి. సంస్థ పని మీద నేను కళాశాలలకు వెళ్ళినప్పుడు అమ్మాయిలతో కూర్చుని ఏం నేర్చుకుంటున్నారని అడుగుతుంటాను. పొద్దున్న పీరియడ్లో ఆస్తి అప్పుల పట్టిక కలం పట్టి గీస్తారు. మధ్యాహ్నం పీరియడ్లో సి భాషలో రెండు సంఖ్యలను తారుమారు చేసే ప్రోగ్రామ్ రికార్డు పుస్తకంలో ఎక్కిస్తారు. పొద్దున్న నేర్చుకున్నదానికీ మధ్యాహ్నం నేర్చుకున్నదానికీ చుట్టరికం ఎవరూ చెప్పరు. అధ్యాపకులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. చాలాచోట్ల కంప్యూటర్ పాఠాలు చెప్పేది గెస్టు లెక్చరర్లు. వాళ్ళలోనూ స్త్రీలే ఎక్కువ కనిపిస్తారు. పీరియడ్ లెక్కన జీతం, సెలవుల్లో అదీ లేదు. పాతిక కంప్యూటర్లున్న ల్యాబ్‌లో పనిచేసేవి పన్నెండు. వాటి ముందు అరవై మంది. కీబోర్డు మీద చేతులు మగపిల్లలవి, రికార్డు రాసే చేతులు ఆడపిల్లలవి. ఈ దృశ్యం నేను ఒక్క కళాశాలలో చూసింది కాదు.

ఇంటికి వెళ్ళి నేర్చుకోవచ్చు కదా అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. పురుషులు ఆంధ్రప్రదేశ్‌లో 48.8 శాతం, తెలంగాణలో 57.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఇంట్లో వున్న ఒక్క ఫోను ఎవరి జేబులో వుంటుందో మనకు తెలుసు. లాప్‌టాప్ సంగతి చెప్పనవసరం లేదు. కాబట్టి ల్యాబ్ అనేది ఆడపిల్లకు సౌకర్యం కాదు, అదే ఆమె చదువు. సాయంత్రం నాలుగింటికి ల్యాబ్‌కి తాళం వేస్తే ఆ చదువుకే తాళం వేసినట్టు.

చదువు ఇలా రెండు ముక్కలై మిగిలితే ఏమవుతుంది? 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక ప్రతి దుకాణానికీ, ఆడిటర్ కార్యాలయానికీ ట్యాలీ తెలిసినవాళ్ళు కావలసి వచ్చారు. మన అమ్మాయిలు ఆ పనుల్లో చేరారు. బిల్లులు ఎక్కిస్తారు, రిటర్నులు నింపుతారు. అప్పటివరకు ఇంటి గడప దాటని పిల్ల తన చేత్తో జీతం తీసుకోవడం చిన్న సంగతి కాదు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ నియామక పత్రం వుండదు. పి.ఎఫ్. వుండదు. ఐదేళ్ళు చేసినా 'కంప్యూటర్ అమ్మాయి' అనే పేరే. పెళ్ళయితే ఇంకొకరిని పెట్టుకుంటారు. పైగా బిల్లులు ఎక్కించడం వంటి పనుల్ని ఇప్పుడు యంత్రమే చేయడం మొదలుపెట్టింది. కృత్రిమ మేధ గురించి ఎన్ని మాటలు చెప్పినా, ముందుగా ముప్పు వచ్చేది నమోదు పనికే. ఆ లెక్క ఎందుకలా వచ్చిందో అడగగలిగిన మనిషి, ఆ లెక్క వేసే పద్ధతిని మార్చగలిగిన మనిషి నిలబడతారు. మన డిగ్రీ ఏ మనిషిని తయారు చేస్తోంది?

మరో లెక్క చూడండి. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత విద్యలో వుంటే వాళ్ళలో 2.07 కోట్ల మంది స్త్రీలు. దాదాపు సగం. కానీ 2023-24 శ్రామికశక్తి సర్వే ప్రకారం పట్టణాల్లో పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో పనిచేస్తున్నవాళ్ళూ, పని వెతుక్కుంటున్నవాళ్ళూ కలిపి 28 శాతమే. తరగతి గదిలో సగం వున్నవాళ్ళు పని దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతున్నారు? ఇంటి చాకిరీ, పెళ్ళి, పిల్లలు, రాత్రి బస్సు, భయం, తక్కువ జీతం. వీటన్నిటినీ డిగ్రీ ఒక్కటే మార్చలేదు. కానీ ఇవేవీ లేనట్టు రాసిన డిగ్రీ మాత్రం వీటిని కచ్చితంగా మార్చదు.

అయితే ఎలాంటి డిగ్రీ కావాలి? రెండు సగాలూ నిజంగా కలిసేది కావాలి. మనకు బాగా తెలిసిన అప్పు సంగతే తీసుకుందాం. పదివేల రూపాయల అప్పు, ఏడాదికి 12 శాతం 'ఫ్లాట్' వడ్డీ, పన్నెండు వాయిదాలు. నెలకు 933 రూపాయల చొప్పున మొత్తం 11,200 కట్టాలి. వినడానికి నూటికి రూపాయి వడ్డీ. కానీ ప్రతి వాయిదాలో కొంత అసలు తీరిపోతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా పదివేల మీదే పడుతోంది. మిగిలిన బాకీ మీద లెక్క కడితే ఏడాదికి 21 శాతం దాటుతుంది. ఈ తేడా ఎక్కడ దాక్కుందో కామర్స్ చెబుతుంది. ఏ అప్పుకైనా, ఎన్ని వాయిదాలకైనా దాన్ని క్షణంలో తేల్చే పట్టిక తయారు చేయడం కంప్యూటర్ నేర్పుతుంది. రెండూ కలిసినప్పుడు ఊళ్ళో స్వయం సహాయక సంఘానికి ఒక ఆయుధం దొరుకుతుంది.

ఇది ఊహ కోసం చెప్పిన ఉదాహరణ కాదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ వేధింపులు భరించలేక ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి అదే వేధింపు ఫోన్లో అప్పుల యాప్ రూపంలో వచ్చింది. ఫోన్లోని నంబర్లన్నీ లాగి చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీయడం, ఫొటోలు మార్చి పంపడం. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పు మీద పడే మొత్తం వార్షిక ఖర్చు శాతాన్ని ముందే చెప్పాలి, అప్పు తీసుకున్నవారి ఫోన్లోని నంబర్ల జాబితాను యాప్ చూడకూడదు. ఈ నియమం ఏ బీకాం కంప్యూటర్స్ పాఠంలో వుంది? వ్యాపారం, కంప్యూటర్, స్త్రీల హక్కు మూడూ ఒక్కచోట కలిసే పాఠం ఇంతకన్నా ఏముంటుంది?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాలు నేర్చుకుని సారా దుకాణం మూయించారు. అక్షరం కేవలం సంతకం కోసం అయివుంటే ఆ ఉద్యమం పుట్టేది కాదు. తమ బతుకు గురించిన పాఠం చదివారు కాబట్టి పుట్టింది. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద జరిగిన సామాజిక తనిఖీల్లో గ్రామీణ యువతీయువకులు మస్టర్లు చదివి, ఊరి మధ్యలో గట్టిగా వినిపించి దొంగ లెక్కలు బయటపెట్టారు. చదువుకి బతుకుతో ముడి వేస్తే ఏం జరుగుతుందో మన నేల మీదే రుజువైంది. డిగ్రీకి ఆ ముడి ఎందుకు వేయకూడదు?

మనలోనే కొందరు అంటారు, మార్కెట్‌కి పనివాళ్ళను తయారు చేసే కోర్సుకి మనం మెరుగులు దిద్దడమేమిటని. ఆ అనుమానంలో న్యాయం వుంది. బ్రిటన్‌లో 2005లో 'ఇ-స్కిల్స్ యు.కె.' అనే సంస్థ పెద్ద కంపెనీలతో కలిసి వ్యాపారం కోసం సమాచార సాంకేతిక నిర్వహణ అనే డిగ్రీని తయారు చేసింది. కంప్యూటర్ సైన్సు కోర్సులతో పోలిస్తే అందులో ఆడపిల్లల నిష్పత్తి మెరుగ్గా వచ్చింది. కోర్సును మరోలా మలిస్తే ఆడపిల్లలు ముందుకు వస్తారని అది చూపించింది. 'వాళ్ళకి ఆసక్తి లేదు' అనే పాత మాట అబద్ధమని తేలింది. కానీ ఆ డిగ్రీని మలచడంలో కంపెనీలదే పెద్ద పాత్ర. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు డిగ్రీని రాయవచ్చునన్నప్పుడు ఉద్యోగం చేసేవాళ్ళు ఎందుకు రాయకూడదు? మార్కెట్‌కి దూరంగా వుండే అవకాశం మన అమ్మాయిలకు లేదు. ఎలాగూ అందులోకే వెళుతున్నారు. చేతులు కట్టుకుని వెళతారా, కళ్ళు తెరుచుకుని వెళతారా అన్నదే మిగిలింది.

మన విశ్వవిద్యాలయాలూ, స్వయంప్రతిపత్తి కళాశాలలూ డిగ్రీని రాసేది పాఠ్య ప్రణాళికా మండలిలో. బోర్డ్ ఆఫ్ స్టడీస్ అంటారు. స్వయంప్రతిపత్తి కళాశాలల విషయంలో యు.జి.సి. నిబంధనలు ఆ మండలిలో అధ్యాపకులతో పాటు పరిశ్రమ, కార్పొరేట్ లేదా అనుబంధ రంగం నుంచి ఒక ప్రతినిధికీ, ఒక పూర్వ విద్యార్థికీ చోటు కల్పించాయి. ఆ ఒక్క కుర్చీ సాధారణంగా ఏదో కంపెనీ మేనేజరుకి పోతుంది. లక్షల మంది స్త్రీల పొదుపు లెక్కలు నడిపే మండల, జిల్లా సమాఖ్యలు అనుబంధ రంగం కాదా? అక్కడి నుంచి ఒక మహిళను కూర్చోబెట్టమని అడగడంలో నిబంధనలకు విరుద్ధమైనది ఏమీ లేదు. ఇంతవరకు అడిగినవాళ్ళు ఎంతమంది? పూర్వ విద్యార్థి కుర్చీలో దుకాణం లెక్కలు రాస్తున్న ఒక బీకాం కంప్యూటర్స్ అమ్మాయి కూర్చుంటే ఆమె చెప్పే మాటలు సిలబస్‌కి ఎంత అవసరమో ఆలోచించండి.

ఈ డిగ్రీలను కొత్తగా రాస్తున్నవారి ముందు మనం పెట్టవలసిన కోర్కెలు నాకు తోచినంతలో ఇవి.

ఒకటి, ప్రతి సెమిస్టర్‌లో లెక్కల పుస్తకాన్నీ ప్రోగ్రామునీ కలిపే పని ఒకటి వుండాలి. స్వయం సహాయక సంఘం ఖాతాలు, పాల సహకార సంఘం చెల్లింపులు, పంచాయతీ బడ్జెట్, వీటి మీద విద్యార్థులు పనిచేయాలి. మార్కులు రికార్డు పుస్తకానికి కాదు, ఆ పనికి ఇవ్వాలి.

రెండు, వ్యాపార చట్టం పేపరులో కాంట్రాక్టు చట్టంతో పాటు కనీస వేతనం, 26 వారాల ప్రసూతి సెలవు, పనిచోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం, వ్యక్తిగత డేటా రక్షణ మీద 2023 చట్టం పాఠాలుగా వుండాలి. సరుకు కొనేవాడి హక్కులు నేర్పే కోర్సు పనిచేసే మనిషి హక్కులు కూడా నేర్పాలి.

మూడు, ఇంటర్న్‌షిప్ పేరుతో నెలల తరబడి ఉచిత చాకిరీ చేయించుకోకూడదు. భత్యం ఇవ్వాలి. 2013 చట్టం కింద శిక్షణ పొందేవాళ్ళు, జీతం లేకుండా పనిచేసేవాళ్ళు కూడా ఉద్యోగులే. పదిమంది పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ వుండి తీరాలి. ఆ కమిటీ లేని చోటుకి కళాశాల తన విద్యార్థినిని పంపకూడదు.

నాలుగు, ల్యాబ్ సాయంత్రం కూడా తెరిచి వుండాలి. ఇంటికి వెళ్ళే బస్సు వేళకు ల్యాబ్ వేళను సరిపెట్టాలి. గ్రంథాలయం పుస్తకం ఇచ్చినట్టే లాప్‌టాప్ ఇవ్వాలి. ల్యాబ్ నడిపే అధ్యాపకురాలికి నెల జీతం ఇవ్వాలి.

ఐదు, భాష. ఆంధ్రప్రదేశ్ 2021-22 నుంచి డిగ్రీ చదువును ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చింది. ఇంగ్లీషు కావాలని అడిగేది ముందుగా మన పిల్లలే, దాన్ని కాదనను. కానీ తెలుగులో అర్థమైన విషయాన్ని ఇంగ్లీషులో రాయడం నేర్పాలి గానీ అర్థం కానిదాన్ని బట్టీ పట్టించకూడదు. రెండు భాషల్లోనూ పుస్తకాలు వుండాలి.

ఆరవది అన్నిటికన్నా ముఖ్యం. కొత్త విధానంలో ఏడాది చదివి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ ఇస్తారు. దీన్ని వెసులుబాటు అంటున్నారు. కానీ మన ఇళ్ళలో మధ్యలో చదువు మానేది ఎవరు? సంబంధం కుదిరిన ఆడపిల్ల. ఇదివరకు ఆమె చదువు మధ్యలో ఆగిపోయినట్టు లెక్కలోకి వచ్చేది. ఇప్పుడు ఆమె సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిన విద్యార్థినిగా కాగితాల మీద కనిపిస్తుంది. అన్యాయం అంకెల్లోంచి మాయమవుతుంది. కాబట్టి ఎవరు ఎప్పుడు, ఎందుకు వెళ్ళిపోయారో ఆడ, మగ విడివిడిగా ప్రతి కళాశాలా ప్రకటించాలి. అదే సమయంలో 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనల ప్రకారం ఆమె సంపాదించిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్ళ వరకు చెల్లుతాయి. పెళ్ళయిన పిల్ల, తల్లి అయిన పిల్ల తిరిగివచ్చి చదువు పూర్తి చేయవచ్చు. ఈ సంగతి ఆమెకు చెప్పేవాళ్ళు లేరు. అది మన పని. కళాశాల ఫీజు బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపితే వెంటపడి ఇప్పించడం కూడా మన పనే.

ఈ మూడు నెలల్లో మన సంఘాలు ఒక చిన్న పని చేయగలవు. మీ పట్నంలోని డిగ్రీ కళాశాలకు వెళ్ళండి. బీకాం కంప్యూటర్స్ సిలబస్ ప్రతి అడగండి. ల్యాబ్ ఎన్ని గంటలు తెరుస్తున్నారో, ఎన్ని కంప్యూటర్లు పనిచేస్తున్నాయో చూడండి. చదువు మధ్యలో మానిన అమ్మాయిల జాబితా తీసుకుని కనీసం ఐదుగురి ఇళ్ళకు వెళ్ళండి. చదువు పూర్తి చేసి దుకాణాల్లో, కార్యాలయాల్లో పనిచేస్తున్నవాళ్ళను ఒక ఆదివారం కూర్చోబెట్టి మాట్లాడించండి. వాళ్ళు చెప్పింది రాసి పత్రికకు పంపండి, ప్రచురిస్తాం. ఆ కాగితాలతోనే విశ్వవిద్యాలయాల పాఠ్య ప్రణాళికా మండళ్ళ తలుపు తడదాం. మన పిల్లల డిగ్రీ రాసే బల్ల దగ్గర మన కుర్చీ కోసం ఇప్పుడే అడుగుదాం.